కాశీలో అద్దె వంటిల్లు

ఆ ఇంటికి లిఫ్టు లేదు. మూడో అంతస్తుకు 41 మెట్లు. పాతకాలపు కట్టడం కాబట్టి ఒక్కో మెట్టూ దాదాపు మోకాలెత్తున ఉంది. ఆ సంగతి ఇంటాయన ఫోన్లో చెప్పలేదు, నేనూ అడగలేదు. 82 ఏళ్ల అమ్మ ఆ చీకటి మెట్ల కింద నిలబడి ఒకసారి పైకి చూసి, "గంగ కనిపిస్తుందన్నావుగా, పద" అంది. ఏడుచోట్ల ఆగి, గోడ పట్టుకుని, ఆయాసపడుతూ ఎక్కింది. పైకి చేరాక నేరుగా బాల్కనీలోకి వెళ్లి గంగను చూస్తుందనుకున్నాను. వెళ్లలేదు. వంటిల్లు ఎక్కడని అడిగింది.

2024 ఫిబ్రవరిలో మేం తొమ్మిది రాత్రులకు తీసుకున్న ఆ ఇల్లు కేదార్ ఘాట్‌కూ మానసరోవర్ ఘాట్‌కూ మధ్య ఉంది. సోనార్‌పురా రోడ్డు మీద ఆటో దిగి, ఎదురుగా ఆవు వస్తే గోడకు అతుక్కుని నిలబడాల్సినంత సందులో నడిచి వెళ్లాలి. ఎవరో ఒకప్పుడు కాశీవాసం కోసం కట్టుకున్న ఇల్లు. వారసులు అంతస్తులవారీగా బాగుచేయించి రోజుల లెక్కన అద్దెకిస్తున్నారు. రెండు గదులు, వేడినీళ్లు, గంగవైపు బాల్కనీ, గిన్నెలతో సహా వంటిల్లు. రోజుకు 2,400 రూపాయలు. 'మీ వంట మీరే చేసుకోవచ్చు' అన్న ఒక్క మాట చూసి నేను దాన్ని ఖాయం చేశాను. అమ్మ హోటల్ తిండి ముట్టదు.

తెలుగువాళ్లకు కాశీ అంటే దర్శనం ఒక్కటే కాదు, నిద్ర కూడా. తల్లి కడుపులో ఉన్న తొమ్మిది నెలలకు గుర్తుగా తొమ్మిది రాత్రులు ఆ ఊళ్లో నిద్ర చేయాలంటారు. అందుకే ఆంధ్ర ఆశ్రమంలోనూ, ఆ చుట్టుపక్కల సత్రాల్లోనూ ఏడాది పొడుగునా తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. 2023లో గంగా పుష్కరాలకే వెళ్దామని అమ్మ పట్టుబట్టింది. ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా, మండుటెండల్లో, ఆ జనంలో ఆమెను ఎలా తిప్పను? వచ్చే చలికాలం అని చెప్పి తప్పించుకున్నాను. ఆమె ఆ మాటను మరిచిపోతుందని లోలోపల ఆశపడ్డాను కూడా. ఈమధ్య చాలా మరిచిపోతోంది మరి. దీన్ని మాత్రం మరిచిపోలేదు.

అసలు విషయం అక్కడే ఉంది. అప్పటికి రెండేళ్లుగా హైదరాబాద్‌లోని మా ఫ్లాట్‌లో అమ్మ పొయ్యి ముట్టుకోవడం లేదు. మేం ముట్టుకోనివ్వడం లేదు అనడం నిజాయితీ. 2022లో ఒకరోజు మేమిద్దరం ఆఫీసుల్లో ఉండగా ఆమె కుక్కర్‌లో పప్పు పెట్టి, టీవీ ముందు కూర్చుని ఆ సంగతే మరిచిపోయింది. నీళ్లు ఇగిరి, పప్పు మాడి, పొగ మెట్లవైపు వచ్చాక పక్క ఫ్లాట్‌వాళ్లు బెల్లు కొట్టారు. డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన ఏవో ప్రశ్నలడిగాడు. గడియారం బొమ్మ గీయమన్నాడు. అమ్మ గుండ్రంగా గీసింది, అంకెలన్నీ ఒకే పక్కకు చేరాయి. "పొయ్యి దగ్గరా, రోడ్డు మీదా ఒంటరిగా వదలకండి" అన్నాడు డాక్టర్. ఆ మర్నాటి నుంచి మా ఆవిడ ఆఫీసుకు వెళ్లేటప్పుడు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేసి, ఆ అలమారకు తాళం వేయడం మొదలుపెట్టింది. తప్పు ఆమెది కాదు. ఆ భయం నాదీ. 58 ఏళ్లు వంటిల్లు నడిపిన మనిషి ఆ తాళం చూసి ఒక్కమాట అనలేదు. అనకపోవడాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

కాశీకి మేమిద్దరమే వెళ్లాం. మా ఆవిడకు బ్యాంకులో సెలవు దొరకలేదు. "వంట మీరే చెయ్యండి. అత్తయ్యగారిని స్టవ్ దగ్గరికి వెళ్లనివ్వకండి" అని విమానాశ్రయం దాకా చెబుతూనే ఉంది. నాకు ఉప్మా, అన్నం, ఆమ్లెట్ వచ్చు. మూడోది కాశీలో పనికిరాదు.

ఆ వంటింటిని ఇప్పటికీ గీసి చూపించగలను. నల్లరాతి గట్టు మీద రెండు పొయ్యిల స్టవ్, కింద సిలిండర్, గోడకు చెక్క అర. చపాతీ పీట, కర్ర, పెనం, పట్కారు, మూత వదులైన కుక్కర్ ఒకటి. పప్పుగుత్తి లేదు, మిక్సీ లేదు. కిటికీకి ఇనుప జల్లెడ. అది తెరవొద్దు, కోతులొస్తాయి అని తలుపు మీద హిందీలో కాగితం అంటించారు. కిటికీలోంచి చూస్తే కింద ఘాట్ మెట్లు, పడవలు, అవతలి ఒడ్డున ఖాళీ ఇసుక. కాశీ దగ్గర గంగ ఉత్తరానికి పారుతుంది. ఊరంతా పడమటి ఒడ్డునే ఉంది కాబట్టి ఎదురుగా ఏ అడ్డూ లేకుండా సూర్యుడు లేస్తాడు. కుడివైపు తల తిప్పితే కేదార్ ఘాట్, దాని పక్కన మన విజయనగరం రాజుల పేరు మీదున్న ఘాట్, ఇంకాస్త అవతల హరిశ్చంద్ర ఘాట్ పొగ. ఆ పొగ రాత్రీ పగలూ ఆగదు. మొదటిరోజు అది చూసి అమ్మను బాల్కనీలో కూర్చోబెట్టాలా వద్దా అని ఆలోచించాను. ఆమెకు అదేమీ పట్టలేదు. "గోదారి ఇంతకు నాలుగింతలుంటుంది" అని మాత్రం అంది. రాజమండ్రి దగ్గర గోదావరిని చూసి పెరిగినవాళ్లకు ఏ నదీ ఓ పట్టాన ఆనదు.

మొదటిరోజు నేను చేసిన ఉప్మాలో ఉండలు కట్టాయి. అమ్మ మారుమాట లేకుండా తింది. రాత్రి అన్నం చిమిడింది, పెరుగు కలుపుకుని అదీ తింది. రెండోరోజు తెల్లవారుజామున నాలుగున్నరకు ఇంగువ వాసనకు మెలకువ వచ్చింది. లేచి పరుగెత్తాను. అమ్మ స్నానం చేసి, చీర చెంగు దోపుకుని, గట్టు ముందు నిలబడి చారుకు తిరగమోత పెడుతోంది. పోపుల సామాను నా సూట్‌కేసులోంచి ఎప్పుడు తీసిందో! లైటర్ ఎక్కడుందో నాకే అంతవరకు తెలియదు.

"అమ్మా" అన్నాను.

"పళ్లు తోముకురా" అంది, వెనక్కి తిరక్కుండానే.

ఆ క్షణంలో నేను చేయాల్సింది నాకు స్పష్టంగా తెలుసు. చేయలేదు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ప్రతిపూటా అదే నా స్థానం. ఫోన్లో పేపరు చదువుతున్నట్టు నటిస్తూ స్టవ్ బిరడాలకేసి చూస్తూ ఉండేవాణ్ని. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "వంట ఎవరు చేస్తున్నారు?" అని మా ఆవిడ అడిగితే "చేసుకుంటున్నాం" అనేవాణ్ని. తెలుగులో ఆ సౌకర్యం ఉంది.

ఉదయం పదింటికి కూరగాయలకు వెళ్లేవాళ్లం. చలికాలం చివర కాబట్టి ఎక్కడ చూసినా పచ్చిబఠాణీలే. ఆ వీధుల్లో దక్షిణాదివాళ్ల రాకపోకలు ఎక్కువ కాబట్టి చింతపండుకూ కొబ్బరికాయకూ కరివేపాకుకూ లోటు లేదు. కొన్ని కొట్ల మీద తెలుగులో బోర్డులున్నాయి, తప్పులతో సహా. ఒకరోజు తోపుడుబండి మీద చిన్న గుమ్మడికాయంత గుండ్రటి వంకాయలు కనిపించాయి. రామ్‌నగర్ భంటా అంటారు. గంగకు అవతల ఉన్న రామ్‌నగర్ పేరు మీద ప్రసిద్ధమైన రకం. 2023లో దీనికి బనారస్ పాన్, లంగ్డా మామిడితో పాటు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడివాళ్లు నిప్పుల మీద కాల్చి చోఖా చేసుకుంటారు. అమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి, తొడిమ దగ్గర గోరుతో నొక్కి, "ఇది వంకాయేనా, వంకాయ మొగుడా?" అంది. బండివాడికి భాష అర్థం కాకపోయినా నవ్వాడు. దాన్ని స్టవ్ మీద కాల్చి, చింతపండూ పచ్చిమిరపకాయలూ వేసి ఆమె చేసిన పచ్చడి రెండు పూటలు తిన్నాం.

నిజానికి యాత్రలో వండుకు తినడం మనకు కొత్తేమీ కాదు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దాదాపు 100 మందితో కాశీయాత్ర చేసి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. ఆయన రాతల్లో దేవుళ్లతో పాటు అడుగడుగునా కనిపించేవి ఏ ఊళ్లో మంచినీళ్లున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, దిగడానికి చోటుందా అన్న వివరాలే. 1986లో అమ్మానాన్నలు కాశీ వచ్చినప్పుడు నాన్న కిరసనాయిలు స్టవ్‌ను గోనెసంచిలో చుట్టి రైల్లో తెచ్చారట. సత్రం వరండాలో ఆమె వండుతుంటే గాలికి మంట ఆరిపోకుండా నాన్న దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడేవారట. ఈ కథ తొమ్మిది రోజుల్లో పదిసార్లయినా విన్నాను. ప్రతిసారీ కొత్తగా చెప్పింది. ఒక్కసారీ వివరం తప్పలేదు. నిన్న ఏం కూర వండిందో మాత్రం గుర్తుండేది కాదు.

విశ్వనాథుడి దర్శనానికి వెళ్లిన రోజు ఆమె నా చెయ్యి విదిలించుకుని ముందు నడిచింది. "ఇక్కణ్ణుంచి ఎడమకు. మూలమీద గాజుల కొట్టు, పక్కన పాలకోవా అమ్మే ముసలాయన, ఆ సందులోంచి లోపలికి" అంటూ. ఆ మూల దాకా వెళ్లి ఆగిపోయింది. గాజుల కొట్టు లేదు. సందూ లేదు. ఎదురుగా రాతి పలకలు పరిచిన విశాలమైన ఆవరణ, వరసలు, మెటల్ డిటెక్టర్లు. గుడి నుంచి గంగ దాకా వందలాది ఇళ్లు, కట్టడాలు తీసేసి కట్టిన కారిడార్ అది. 2021 డిసెంబర్ 13న ప్రారంభమైంది. నడవలేని అమ్మలాంటివాళ్లకు దానివల్ల మేలే జరిగింది, చక్రాల కుర్చీ గర్భగుడి దాకా దాదాపు వెళ్లింది. కానీ ఆ మూల దగ్గర ఆమె మొహం చూశాను. హైదరాబాద్‌లో కళ్లద్దాలు ఎక్కడ పెట్టానని వెతుక్కునేటప్పుడు కనిపించే మొహమే. "మరిచిపోయానేమోరా" అంది. "లేదమ్మా, నువ్వు మరిచిపోలేదు. సందే లేదు" అని చెప్పడానికి ఎందుకో నాకు గొంతు పెగల్లేదు. రెండేళ్లలో ఆమెతో ఆ మాట అనే అవకాశం రావడం అదే మొదటిసారి.

ఐదోరోజు రాత్రి మూడు కంచాలు పెట్టింది. నేను చూస్తూ ఊరుకున్నాను. రెండింట్లో వడ్డించి, మూడోదాని ముందు గరిటె పట్టుకుని కాసేపు ఆగింది. నాన్న 2019లో పోయారు. తర్వాత ఆ కంచం తీసి పక్కన పెట్టింది. ఆమె మరిచిపోయి పెట్టిందో, కాశీలో పెద్దలకు పెట్టాలన్న తలంపుతో పెట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు. అడగలేదు. ఆ రాత్రే వ్యాసుడి కథ చెప్పింది. కాశీలో భిక్ష దొరక్క ఆయన ఆ ఊరినే శపించబోతే అన్నపూర్ణ పిలిచి అన్నం పెట్టిందట, ఆ తర్వాత శివుడు ఊళ్లోంచి పొమ్మంటే ఆయన దక్షారామానికి వచ్చాడట. అమ్మ పుట్టిల్లు ద్రాక్షారామం దగ్గరే. శ్రీనాథుడి కథ వాళ్లకు ఇంటి కథలాంటిది. "ఆకలేస్తే అంతటివాడికే ఒళ్లు తెలియలేదు. అన్నం పెట్టేవాళ్లుండాలిరా" అంది. నాకెందుకో తాళం వేసిన అలమార గుర్తొచ్చింది.

ఏడోరోజు సాయంత్రం నేను తప్పు చేశాను. ఆరు రోజులు ఏమీ కాలేదన్న ధీమాతో, ఆమె నిద్రపోతోంది కదా అని కేదారేశ్వరుడి గుడికి ఒక్కణ్నే వెళ్లాను. అరగంటలో తిరిగొచ్చాను. రెండో అంతస్తు దాటుతుండగానే గ్యాస్ వాసన. మిగిలిన మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. లోపల పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. బిరడా తిప్పే ఉంది. సన్నగా బుస్సుమంటున్న చప్పుడు. బిరడా, రెగ్యులేటర్ కట్టేసి, లైటు స్విచ్ జోలికి పోకుండా కిటికీ జల్లెడలు రెండూ తెరిచేశాను. అమ్మ బాల్కనీలో ఉంది. చలికాలం ఎక్కడినుంచో వలస వచ్చే తెల్లపిట్టలకు పడవవాళ్లు కారప్పూస విసురుతుంటే చూస్తూ నిలబడింది. నన్ను చూసి నవ్వి, "కాఫీ పెడుతున్నానుండు" అంది.

అరిచాను. ఆఫీసులో, ఇంట్లో, ఎవరి మీదా అంత గట్టిగా అరిచినట్టు గుర్తులేదు. "ఇంట్లోనూ ఇంతే, ఇక్కడా ఇంతే. అందర్నీ చంపేస్తావా?" అన్నాను. హరిశ్చంద్ర ఘాట్ పొగ కనిపించే చోట నిలబడి, కన్నతల్లితో. నేను ఇంకా అరుస్తూండగానే తెరిచిన కిటికీలోంచి రెండు కోతులు లోపలికొచ్చి, అరటిపళ్ల గెలతో పాటు ఇంటినుంచి తెచ్చిన కందిపొడి సీసా కూడా పట్టుకుపోయాయి. సీసా కింద ఎక్కడో భళ్లున పగిలింది. ఇంకెప్పుడైనా అయితే ఇద్దరం నవ్వేవాళ్లం.

ఆ రాత్రి వంట లేదు. నేను తెచ్చిన బ్రెడ్డు అమ్మ పాలల్లో ముంచుకుని తింది. పొద్దున్నే నా మంచం దగ్గరకొచ్చి, "నిన్న నువ్వెందుకో అరిచావు. ఎందుకో గుర్తులేదు" అంది. జరిగింది చెప్పాను. ఇంట్లో పప్పు మాడిన రోజు సంగతీ, డాక్టర్ అన్న మాటలూ, తాళం వేయడానికి కారణమూ మొదటిసారి దాచకుండా చెప్పాను. శ్రద్ధగా విన్నది. "అయితే తాళం నా కోసమా? దొంగల భయమనుకున్నాను" అంది. అది నిజమో, నన్ను ఊరడించడానికి అన్నదో!

కాశీ వెళ్లినవాళ్లు ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు వదలాలని మనవాళ్ల ఆనవాయితీ. కాయాపేక్ష, ఫలాపేక్ష వదలమన్న మాటే కాయా పండూ వదలడంగా మారిందని కొందరంటారు. ఎక్కువమంది తమకు నచ్చనిదే వదిలి వస్తారు. 1986లో నాన్న కాకరకాయ వదిలారు. పుట్టి బుద్ధెరిగి ఆయన కాకరకాయ తిన్నది లేదు. దీని మీద అమ్మ ఆయన్ను చివరిదాకా ఎత్తిపొడిచింది. తొమ్మిదోరోజు కేదార్ ఘాట్ మెట్ల మీద తెలుగు పురోహితుడు సంకల్పం చెప్పి, "ఏం వదులుతారమ్మగారూ?" అని అడిగాడు. నేను ఊపిరి బిగబట్టాను. పొయ్యి వదిలేస్తున్నానంటుందేమోనని భయం. చెప్పకేం, అనేస్తే బాగుండునన్న ఆశ కూడా.

"వంకాయ" అంది అమ్మ.

పురోహితుడే కంగారుపడ్డాడు. "వంకాయా? మనవైపు వాళ్లకు కష్టమమ్మా, ఆలోచించుకోండి" అన్నాడు. మా ఇంట్లో వారానికి మూడుసార్లు వంకాయ ఉంటుంది. అల్లం పచ్చిమిర్చి, కారంపెట్టి, పులుసుపచ్చడి, గుత్తి. అందులో అమ్మకిష్టం కానిది ఒక్కటీ లేదు. ఆలోచించుకునేది ఏమీ లేదన్నట్టు ఆమె నీళ్లు దోసిట్లోకి తీసుకుంది.

ఆ సాయంత్రం కూరగాయల బండి దగ్గర లేత నీలం వంకాయలు అరకిలో ఏరింది. "వదిలేశావుగా?" అన్నాను. "తినడం వదిలానురా. వండటం వదిలానని ఎవరన్నారు?"

మిక్సీ లేదు కాబట్టి శనగపప్పు, ధనియాలు, ఎండుమిరపకాయలు వేయించి, చపాతీ కర్రతో పీట మీద పొడిచేసింది. కొబ్బరి నేను కోరాను. ఈసారి గుమ్మంలో కుర్చీ వేసుకోలేదు. స్టవ్ పక్కనే నిలబడ్డాను. ముందుగా ఏమీ అనుకోలేదు గానీ, బిరడా నా చేతిలో, గరిటె ఆమె చేతిలో ఉండిపోయాయి. "వెలిగించు. తగ్గించు. ఇంకా తగ్గించు, మాడుతుంది. కాస్త పెంచు" అంటూ ఆమె చెబుతుంటే తిప్పుతూ నిలబడ్డాను. నాన్న దుప్పటి పట్టుకున్న కథ మళ్లీ మొదలుపెట్టింది. కూర దించాక అలవాటుగా చిటికెడు అరచేతిలో వేసుకోబోయి ఆగి, చెయ్యి నావైపు చాచింది. "ఉప్పు చూడు. ఇక నువ్వే చెప్పాలి." తను చారుతో తిని, నేను మూడోసారి కూర వేసుకునేదాకా ఎదురుగా కూర్చుంది.

హైదరాబాద్ వచ్చాక మా ఆవిడకు అన్నీ చెప్పాను, గ్యాస్ సంగతితో సహా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత, "ఆదివారాలు. మీరు పక్కనుంటేనే" అంది. అలాగే నడుస్తోంది. మిగతా రోజుల్లో తాళం ఉంది, అది తీసే ధైర్యం మాకు లేదు. ఆదివారం పదింటికి అమ్మ గరిటె పట్టుకుంటుంది, నేను బిరడా పట్టుకుంటాను. ఈమధ్య నిలబడలేక కుర్చీలో కూర్చుని చెబుతోంది. కొన్నిసార్లు పోపులో ఆవాలు రెండుసార్లు వేయమంటుంది, వేస్తాను.

వచ్చినవాళ్లందరితో, "కాశీ తీసుకెళ్తానన్నాడు మావాడు, ఇంకా తీసుకెళ్లలేదు" అంటోంది. మొదట్లో ఫోన్లో ఫొటోలు చూపించేవాణ్ని. ఇప్పుడు, చలికాలం రానీ వెళ్దాం అంటున్నాను. పోయిన ఆదివారం గుత్తివంకాయ వండించింది. మా అమ్మాయి పొరపాటున ఆమె కంచంలో కూడా ఒకటి వేసింది. అమ్మ దాన్ని వేలితో పక్కకు జరిపి, "నాకొద్దే తల్లీ. వదిలేశానుగా" అంది.